ఇన్‌హేలర్ దాచుకుని పరుగెత్తిన రోజులు

(హైదరాబాద్‌లో ఒక రన్నింగ్ గ్రూపు నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి తప్ప ఇంకేం వినపడదు.

నిజం చెప్పాలంటే ఈ రోజు మీరు పిలవాలనుకున్నది నన్ను కాదు. "మేడం, ఊపిరితిత్తుల డాక్టరు గారిని అడిగాం, ఆయనకి కుదర్లేదు, మీరు మాట్లాడతారా?" అన్నారు. (నవ్వులు) కుదరకపోవడమే మంచిదైంది. ఆయనొస్తే మీరు నోరు మూసుకుని విని వెళ్ళిపోయేవారు. నన్నయితే మధ్యలో ఆపి అడగొచ్చు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఉబ్బసం మొదలై 39 ఏళ్ళు, పరుగు మొదలై 11 ఏళ్ళు, నా అర్హతలు ఈ రెండే. అందుకని నేను ఏ మందు పేరు చెప్పినా రేపు పొద్దున్నే షాపుకెళ్ళి కొనేయకండి. మీ డాక్టరు గారిని అడిగి వాడండి.

మాది గుంటూరు. మా ఇల్లు మిర్చి యార్డుకి దగ్గర. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఊళ్ళో సగంమందికి తుమ్ములు, నాకు ఆయాసం. మా నాన్నగారు కమిషన్ కొట్టులో గుమాస్తా. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి వంకీకి తగిలిస్తే చాలు, ఆ గదిలో నేనుండలేకపోయేదాన్ని. రాత్రి రెండు, మూడు గంటలప్పుడు మొదలయ్యేది. పడుకుంటే ఊపిరందదు. ఒళ్ళో దిండు పెట్టుకుని ముందుకి వంగి కూర్చునేదాన్ని, అమ్మ వీపు రాస్తూ కూర్చునేది. గొంతులోంచి పిల్లికూతలు. మా తమ్ముడు చిన్నవాడు, నిద్రలో లేచి మంచం కింద పిల్లి కోసం వెతికేవాడు. (నవ్వులు) ఇప్పుడు మీరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మా అమ్మకి నవ్వు రాలేదు.

పొద్దున్నే ఆర్‌ఎంపీ గారొచ్చి డెరిఫిలిన్ సూది వేసేవారు. సాల్బుటమాల్ బిళ్ళలు ఇచ్చేవారు. అవి వేసుకుంటే చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. నా నాలుగో తరగతి కాపీ పుస్తకం చూస్తే ఏ రోజు బిళ్ళ వేసుకున్నానో చేతిరాతే చెప్పేది.

ఒక ఏడాది మృగశిర కార్తెకి అమ్మ నన్ను చేప మందుకి తీసుకొచ్చింది. అప్పుడది పాతబస్తీలో దూద్‌బౌలిలో వేసేవారు, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి రావడం తర్వాతి సంగతి. రైలు దిగి రిక్షాలో వెళ్ళాం. ఇసుకేస్తే రాలని జనం. చిన్న కొర్రమీను, దాని నోట్లో పసుపుపచ్చటి మందు ముద్ద. నా ముక్కు మూసి, నోరు తెరిచి, బతికున్న చేపని గొంతులోకి వదిలారు. అది లోపలికి వెళ్తూ తోక ఆడించడం నాకు ఇప్పటికీ గుర్తే. మూడేళ్ళు వరసగా వెయ్యాలన్నారు, 45 రోజులు పథ్యం అన్నారు. మూడేళ్ళూ వచ్చాం, పథ్యమూ చేశాం. చేప లోపలికి వెళ్ళింది, ఉబ్బసం బయటికి రాలేదు. అది పనిచేస్తుందని చూపించిన పరీక్ష ఏదీ లేదు. కానీ అంత దూరం పిల్లని ఎత్తుకుని తిరిగిన మా అమ్మని నేనేమీ అనను. నాకు ఊపిరాడాలన్నదే ఆవిడ బాధ.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగినదాని గురించి. ఇన్‌హేలర్ వచ్చింది, సరిగ్గా పనిచేసే మందు చేతికొచ్చింది. దాన్ని దాచుకోవడం మొదలుపెట్టాం.

కాలేజీలో బాత్రూంలోకి వెళ్ళి కొట్టుకునేదాన్ని. డ్రిల్లు క్లాసుకి కడుపునొప్పి అని చెప్పేదాన్ని, ఆయాసం అని చెప్పేదాన్ని కాదు. పెళ్ళి చూపులప్పుడు అమ్మ వంటింట్లోకి పిలిచి, "ఆ సంగతి ఇప్పుడెందుకు, పెళ్ళయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చు" అంది. ఆవిడ ఒక్కతే కాదు, ఈ హాల్లో ఎంతమంది అమ్మలు ఆ మాట అని ఉంటారో. పెళ్ళయిన మూడో నెలలో మావారు నా హ్యాండ్‌బ్యాగులో దాన్ని చూసి, నోటి దుర్వాసనకి కొట్టుకునే స్ప్రే అనుకున్నారట. పాపం, ఆయన కూడా ఏమీ అడగలేదు, నేను నొచ్చుకుంటానని. (నవ్వులు)

పరుగుకి వచ్చాక కూడా అదే పని. 36వ ఏట మా కాలనీ ఆడవాళ్ళతో కేబీఆర్ పార్కులో నడక మొదలుపెట్టాను. నడక మెల్లగా పరుగైంది. గ్రూపులో చేరాక కోచ్‌కి చెప్పలేదు. ఫారంలో 'ఆరోగ్య సమస్యలు' అన్న చోట 'లేవు' అని రాశాను. ఇన్‌హేలర్ని చున్నీ కొంగులో కట్టినట్టు రుమాల్లో చుట్టి నడుము బెల్టులో పెట్టుకునేదాన్ని. ఎవరైనా అడిగితే ఇంటి తాళం అని చెప్పేదాన్ని. అంత పెద్ద తాళం ఏ ఇంటికుంటుందో నాకే తెలియదు.

అలా పదహారు నెలలు గడిచాయి. ఒక జనవరి ఆదివారం పది కిలోమీటర్ల రేసు. చలి బాగా ఉంది. మొదటి రెండు కిలోమీటర్లు ఛాతీ పట్టేసినట్టుంది, తర్వాత వదిలేసింది. హాయిగా పరుగెత్తాను. గీత దాటాను, మెడల్ వేశారు, ఫొటో దిగాను. ఇడ్లీల లైన్లో నిలబడ్డాను. ప్లేటు పట్టుకుని ఉన్నాను, నా ముందు ఇద్దరున్నారు, అప్పుడు మొదలైంది. పరుగెత్తుతున్నప్పుడు కాదు, ఆగిన ఏడెనిమిది నిమిషాలకి. ముందు పొడి దగ్గు, ఆ తర్వాత ఛాతీ మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టు. బెల్టులోంచి ఇన్‌హేలర్ తీశాను, ఇక దాచేదేముంది! నొక్కాను. బుస్సుమని శబ్దం వచ్చింది. మందు రాలేదు. అది ఖాళీ. అంతకుముందు రోజు రాత్రే ఊపి చూశాను, లోపల ఏదో కదిలినట్టే అనిపించింది.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఊపి చూస్తే తెలియదు. మందు అయిపోయాక కూడా లోపల గ్యాసు మిగులుతుంది, అది బుస్సుమంటుంది. నీళ్ళలో వేసి తేలితే ఖాళీ, మునిగితే నిండు అని పాతకాలపు చిట్కా ఒకటుంది, అదీ తప్పే. వెనకాల అంకెల కౌంటర్ ఉన్నది కొనుక్కోండి. లేకపోతే డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ రాసుకుని లెక్కేసుకోండి.

ఆ రోజు నన్ను కాపాడింది వరసలో నా వెనక నిలబడ్డ ఒక ఇంజినీరింగ్ కుర్రాడు. "ఆంటీ, ఇది వాడండి" అని తన జేబులోంచి తీసిచ్చాడు. ఆ పిల్లాడు కూడా దాచుకునే తిరుగుతున్నాడు! ఏడాదికి పైగా పక్కపక్కన పరుగెత్తాం, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంతకీ ఆగాక ఎందుకొస్తుంది? డాక్టరు గారు నాకు చెప్పినట్టే చెప్తాను. మామూలుగా ముక్కుతో గాలి పీలుస్తాం. ముక్కు ఆ గాలిని వెచ్చబెట్టి, తడిపి, వడపోసి లోపలికి పంపుతుంది. పరుగెత్తేటప్పుడు అంత గాలి ముక్కుకి చాలదు, నోరు తెరుస్తాం. చల్లటి, పొడి గాలి నేరుగా శ్వాసనాళాల్లోకి పోతుంది. దాన్ని తడిపే పని ఆ నాళాల లోపలి పొర మీద పడుతుంది. పొర ఆరిపోతుంది. ఎండాకాలం చెరువు ఎండితే అడుగున ఉప్పు తేలినట్టు, ఆ తడిలో లవణాలు చిక్కబడతాయి. దాంతో అక్కడుండే మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు వదులుతాయి, నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. పరుగెత్తుతున్నంతసేపూ ఒంట్లో అడ్రినలిన్ ఉంటుంది, పెద్దపెద్ద ఊపిర్లు నాళాలని తెరిచి పట్టుకుంటాయి, కాబట్టి కొంత ఆగుతుంది. మీరు ఆగగానే ఆ పట్టు సడలుతుంది. అందుకే చాలామందికి ఆగాక అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో ఎక్కువవుతుంది. మామూలుగా అరగంట, గంటలో దానంతటదే తగ్గుతుంది. కానీ తగ్గుతుందిలే అని కూర్చోవడం జూదం.

ఇక్కడ ఒక తేడా కూడా చెప్పాలి. కొందరికి పరుగు పతాక స్థాయిలో ఉన్నప్పుడే, ఊపిరి తీసుకునేటప్పుడు గొంతు దగ్గర కీచుమని శబ్దం వస్తుంది, ఆగిన రెండు మూడు నిమిషాల్లో పోతుంది, ఇన్‌హేలర్ కొట్టినా ఏ తేడా ఉండదు. అది ఉబ్బసం కాకపోవచ్చు, స్వరపేటిక దగ్గర ముడుచుకోవడం కావచ్చు. దానికి చికిత్స వేరు, ఊపిరి వ్యాయామాలు చేయిస్తారు. ఉబ్బసంలో కష్టం ఎక్కువగా ఊపిరి వదలడంలో. కాబట్టి పక్కింటావిడ ఇన్‌హేలర్ తీసుకుని ప్రయోగాలు చేయకండి. స్పైరోమెట్రీ, అంటే గాలి ఊదించి చేసే ఊపిరితిత్తుల పరీక్ష, చేయించుకోండి. పరుగెత్తించి, ముందూ తర్వాతా ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలే గాలి 10 శాతం, అంతకన్నా ఎక్కువ పడిపోతే పరుగు వల్ల నాళాలు బిగుసుకుంటున్నట్టు.

ఆ జనవరి తర్వాత నేను వెళ్ళిన డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "నీలం ఇన్‌హేలర్ ఏడాదికి ఎన్ని డబ్బాలు కొంటావమ్మా?" నెలకొకటి అన్నాను గర్వంగా, అంటే నేను మందు మానకుండా వాడుతున్నానని. ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. 200 పఫ్‌ల డబ్బా ఏడాదికి మూడు దాటితేనే ఉబ్బసం అదుపు తప్పుతున్నట్టు, తీవ్రమైన దాడి వచ్చే ముప్పు పెరుగుతున్నట్టు. నెలకొకటి అంటే ప్రాణం మీదికి వచ్చే వరసలో ఉన్నట్టు. "నువ్వు జబ్బుకి మందు వేసుకోవట్లేదు, జబ్బుని జోకొట్టి పడుకోబెడుతున్నావు" అన్నారు.

అసలు విషయం ఇదే. ఆ నీలం ఇన్‌హేలర్లో ఉండే మందు సాల్బుటమాల్. అది బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగు గంటలో, ఆరు గంటలో పనిచేస్తుంది. లోపలి వాపు సంగతి దానికి పట్టదు. వాపుని తగ్గించేది పీల్చే స్టెరాయిడ్, అది రోజూ వాడాలి, ఫలితం రోజులు, వారాలు పడుతుంది. దాన్ని వాడితే ఆ పూట ఏమీ తేడా తెలియదు కాబట్టి మనం మానేస్తాం. నీలం డబ్బా వెంటనే హాయినిస్తుంది కాబట్టి దాన్నే దేవుణ్ణి చేస్తాం. పైగా నీలం డబ్బా రోజూ వాడుతూ పోతే దాని ప్రభావం తగ్గుతూ వస్తుంది. 2019లో ప్రపంచ ఉబ్బసం మార్గదర్శకాలు, జీనా అంటారు, పెద్దవాళ్ళకి, టీనేజీ పిల్లలకి సాల్బుటమాల్ ఒక్కదాన్నే ఇవ్వొద్దని చెప్పేశాయి. ఇప్పుడు చాలామందికి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, నాళాలని తెరిచే ఫార్మొటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ రాస్తున్నారు. కొందరికి పరుగుకి ముందు కూడా అదే వేసుకోమంటున్నారు. నాకు అదే రాశారు.

స్టెరాయిడ్ అనగానే అదిగో, అక్కడ ఇద్దరి మొహాలు మారాయి. (నవ్వులు) మొన్న మా ఆఫీసులో ఒకాయన "మేడం, జిమ్ముల్లో వాడేదే కదా" అన్నారు. కాదండీ. కండలు పెంచే స్టెరాయిడ్ వేరు, ఇది వేరు. మోతాదు కూడా చూడండి. చిన్న స్టెరాయిడ్ బిళ్ళ 5 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 5000 మైక్రోగ్రాములు. నేను రోజంతా పీల్చేది 400 మైక్రోగ్రాములు. అదీ ఊపిరితిత్తుల్లోకే నేరుగా. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. అలవాటైపోతుంది అంటారు. కళ్ళజోడు అలవాటైపోతుందని చూపు మసకగానే ఉంచుకున్నవాళ్ళని నేను చూడలేదు.

పీల్చే పద్ధతి గురించి ఒక్క నిమిషం. ఇరవై ఏళ్ళు నేను తప్పు పీల్చాను. మందు నాలుక మీద, గొంతు గోడకి తగిలేది. బాగా ఊపాలి. ఊపిరంతా వదిలేయాలి. పెదాలు బిగించి, ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతూ నొక్కాలి, మెల్లగా, లోతుగా పీల్చాలి. సోడా స్ట్రాతో లాగినట్టు గబుక్కున కాదు. పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండో పఫ్‌కి అర నిమిషం, నిమిషం ఆగాలి. స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే గొట్టం, పెట్టుకుంటే ఈ నొక్కడం, పీల్చడం కలపాల్సిన తంటా తగ్గుతుంది. స్పేసర్ చిన్నపిల్లలకే అనుకోకండి, నేనిప్పటికీ ఇంట్లో దానితోనే వేసుకుంటాను.

ఇక పరుగు. పరుగు రోజు నేను నాలుగుంపావుకి లేస్తాను. టీ కన్నా ముందు పీక్ ఫ్లో మీటరు, ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచేది. ప్లాస్టిక్ గొట్టం, మీద అంకెలు, గట్టిగా ఊదితే ముల్లు ఎగురుతుంది. నిలబడి మూడుసార్లు ఊది, వాటిలో పెద్దది రాసుకుంటాను. ఒంట్లో బాగున్న రోజుల్లో నా గరిష్ఠం 380. దాంట్లో 80 శాతం అంటే 304. దానిపైన ఉంటే పరుగు. దానికీ 190కీ మధ్య ఉంటే ఆ రోజు పరుగు లేదు, నడక, అది కూడా ఒంట్లో బాగుంటేనే. 190 కన్నా, అంటే సగం కన్నా తగ్గితే బూట్లు కాదు, డాక్టరు. చలికాలం రోజుల్లో నాకు 290 వస్తుంది. ఒంట్లో ఏమీ తెలియదు, బాగానే ఉన్నట్టుంటుంది. ముల్లు మాత్రం అబద్ధం చెప్పదు. గ్రూపులో మెసేజ్ పెట్టేస్తాను, "ఈ రోజు 290, రావట్లేదు" అని. మొదట్లో ఈ అంకె పెట్టడానికి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు మన కోచ్ గారు నేను మెసేజ్ పెట్టకపోతే ఫోన్ చేసి "ఎంతొచ్చింది" అని అడుగుతారు, సెన్సెక్స్ అడిగినట్టు. (నవ్వులు)

వార్మప్. మీలో చాలామంది వార్మప్ అంటే చేతులు నాలుగుసార్లు తిప్పి వాచీ నొక్కేస్తారు. మాకు అలా కుదరదు. అయిదు నిమిషాల నడక, అయిదు నిమిషాల మెల్లటి పరుగు, తర్వాత ఇరవై, ముప్ఫై సెకన్ల వేగం, మధ్యలో నడక, అలా అయిదారుసార్లు. ఎందుకంటే సుమారు సగంమందికి ఒక చిత్రం జరుగుతుంది. ముందు కాస్త గట్టిగా శ్రమపడితే నాళాలు ఒకసారి స్పందించి, ఆ తర్వాత గంట, రెండు గంటలపాటు మళ్ళీ అంతగా స్పందించవు. ఆ జనవరి రేసులో మొదటి రెండు కిలోమీటర్లు పట్టేసి, తర్వాత వదిలేయడానికి కారణం అదే కావచ్చు. మీరు ఆ సగంలో ఉన్నారో లేదో మీరే గమనించుకోవాలి. చివర్లో కూడా టక్కున ఆగకండి, పది నిమిషాలు నడవండి. ఇడ్లీలు ఎక్కడికీ పోవు.

హైదరాబాద్ గాలి సంగతి. వానాకాలం మనకి కొంత నయం. తేమ గాలిలో శ్వాసనాళాల పొర అంతగా ఆరదు. కానీ బూజు, శిలీంధ్రాలు పెరుగుతాయి, తడిసిన బూట్లు అలమరలో పెట్టేవాళ్ళు జాగ్రత్త. ఆగస్టు మారథాన్‌లో నెక్లెస్ రోడ్డు, ఫ్లైఓవర్లు అంటే అందరూ ఎత్తులకి భయపడతారు, నాకు మాత్రం అది మంచి సీజను. వానలు తగ్గాక ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ పూస్తుంది. పేరు చూస్తే ఎంత ముద్దుగా ఉంటుందో! దాని పుప్పొడి పడనివాళ్ళకి నరకం. కాంగ్రెస్ గడ్డి అంటారు కదా, అదే. మా కాలనీలో పార్కు వెనక ఖాళీ ప్లాటు నిండా అదే, అందుకని నేను రూటే మార్చుకున్నాను. దీపావళి రాత్రీ, మర్నాడూ బయట పరుగు లేదు, ట్రెడ్‌మిల్లు ఉంది కదా. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చల్లగాలి కింద పొగ పేరుకుని పైకి లేవదు. అందరూ స్వచ్ఛమైన పొద్దుటి గాలి అంటారు, ఆ నెలల్లో మెయిన్ రోడ్డు పక్కన ఆ మాట నమ్మకండి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్ ఫోన్లో పెట్టుకోండి. అందులో గాలి నాణ్యత సూచీ 100 లోపు ఉంటే వెళ్తాను, 100 దాటితే తగ్గిస్తాను, 200 దాటితే ఇంట్లోనే. చలికి పల్చటి గుడ్డ నోటికి కట్టుకుంటాను, మొహం చూసి ఎవరో బ్యాంకు దోపిడీకి వెళ్తోందనుకుంటారు. నేను పనిచేసేదీ బ్యాంకులోనే, అనుమానం ఎక్కువ. (నవ్వులు)

పేరున్న క్రీడాకారుల గురించి కొంచెం. దాచడం నా ఒక్కదాని జబ్బు కాదు. అమెరికా అథ్లెట్ జాకీ జాయ్‌నర్ కెర్సీ పేరు విన్నారు కదా, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో, ఏడు పోటీలు కలిపి ఆడే హెప్టథ్లాన్‌లో 7291 పాయింట్లు చేసింది, ఆ ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాలేజీలో ఉండగా ఉబ్బసం అని తెలిస్తే ఆవిడ ఒప్పుకోలేదు, కోచ్‌లకి తెలియనివ్వలేదు, మందులు సరిగ్గా వేసుకోలేదు. పెద్ద దాడులు వచ్చాకే దారికొచ్చింది. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కి పద్నాలుగేళ్ళప్పుడే ఉబ్బసం అని చెప్పారు. ఆవిడ దాచలేదు. 2003 లండన్ మారథాన్‌లో 2:15:25. పదహారేళ్ళు ఎవరూ ఆ టైము దాటలేదు.

దాచకుండా చెప్పి దెబ్బతిన్నవాడు కూడా ఉన్నాడు. పరుగు కాదు, ఈత, అయినా చెప్తాను. అమెరికా ఈతగాడు రిక్ డిమాంట్, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, అప్పటికి పదహారేళ్ళ కుర్రాడు. 400 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో సెకనులో నూరో వంతు తేడాతో బంగారు పతకం గెలిచాడు. ఉబ్బసానికి వేసుకునే మందులో ఎఫిడ్రిన్ అనే నిషేధిత పదార్థం ఉంది. ఆ మందు సంగతి ఫారంలో రాశాడు. అమెరికా జట్టు డాక్టర్లు దాన్ని ఒలింపిక్ వాళ్ళకి చెప్పి అనుమతి తీసుకోలేదు. పతకం లాగేసుకున్నారు. మర్నాటి ఏడాది బెల్‌గ్రేడ్‌లో అదే ఈతని నాలుగు నిమిషాల లోపు ముగించిన మొదటివాడయ్యాడు. అమెరికా ఒలింపిక్ కమిటీ తప్పు తమదేనని ఒప్పుకున్నది 2001లో. ఈ కథ చెప్పి "చూశారా, అందుకే చెప్పకూడదు" అంటారు కొందరు. నాకైతే వేరేలా అర్థమైంది. ఆ పిల్లాడు తన పని చేశాడు, పెద్దవాళ్ళు చేయలేదు.

ఇథియోపియా రన్నర్ హెయిలె గెబ్రెసెలాసీ అయితే 2008 బీజింగ్ ఒలింపిక్స్ మారథాన్ నుంచి ముందే తప్పుకున్నాడు. నాకు ఉబ్బసం, అక్కడి గాలిలో 42 కిలోమీటర్లు పరుగెత్తను అని బాహాటంగా చెప్పేశాడు. అక్కడ 10 వేల మీటర్లు మాత్రమే పరుగెత్తి ఆరో స్థానంలో వచ్చాడు. అదే సెప్టెంబరులో బెర్లిన్‌లో 2:03:59 ప్రపంచ రికార్డు. 290 వచ్చిన రోజున నేను ఆయన్ని తలుచుకుని మళ్ళీ ముసుగుతన్ని పడుకుంటాను. (నవ్వులు, చప్పట్లు)

ఇక్కడ రేసుల్లో పతకాల కోసం పరుగెత్తే పిల్లలున్నారు కాబట్టి ఒక మాట. పీల్చే సాల్బుటమాల్‌ని వాడా, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అనుమతిస్తుంది, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఎనిమిది గంటల్లో 600 దాటకూడదు. ఒక పఫ్ 100. అదే టెర్బుటలిన్ అనే ఇంకో ఆయాసం మందు అయితే ముందే అనుమతి పత్రం కావాలి. కొన్ని దగ్గు సిరప్పుల్లో అది ఉంటుంది, చీటీ చదివి తాగండి.

చివరిగా, ఉబ్బసం లేనివాళ్ళకి. మీ పక్కన పరుగెత్తేవాళ్ళకి వస్తే ఏం చేయాలి? పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి కాస్త ముందుకి వంచండి. చుట్టూ మూగకండి, నీళ్ళు తాగమని బలవంతం చేయకండి. వాళ్ళ ఇన్‌హేలర్ ఎక్కడుందో అడిగి తీయండి. ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు ఇవ్వండి, స్పేసర్ ఉంటే స్పేసర్‌తో. నాలుగు నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్ళీ నాలుగు, ఈలోపే 108కి ఫోన్. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా మొదటి నిమిషంలోనే ఫోన్. పిల్లికూతలు ఆగిపోయాయి కదా అని సంతోషించకండి. గాలి అసలే లోపలికి వెళ్ళనప్పుడు కూడా కూత ఆగిపోతుంది. అప్పుడు మనిషి ఊపిరి పీలుస్తున్న తీరు చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మా పాపకి పన్నెండేళ్ళండి. స్కూల్లో అథ్లెటిక్స్‌లో చేరతానంటోంది. చేర్పించనా వద్దా అని టెన్షన్‌గా ఉంది.)

చేర్పించండమ్మా. రోజూ వాడే మందు ముందు అదుపులోకి రానివ్వండి, డాక్టరు గారిని అడగండి, చేర్పించండి. పీటీ మాస్టారికి మీరే వెళ్ళి చెప్పండి, పాపతో చెప్పించకండి. ఇన్‌హేలర్ బ్యాగులో క్లాసురూంలో ఉండకూడదు, గ్రౌండులో ఉండాలి. మాస్టారికి ఒకటి, పాప దగ్గర ఒకటి. పాప పేరేంటి? సరే, మీరే చెప్పకండి, అందరి ముందు ఎందుకు. (నవ్వులు)

(మరో శ్రోత: మేడం, ఆ ఇంజినీరింగ్ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడు?)

బెంగళూరులో ఉద్యోగం. అప్పుడప్పుడు మెసేజ్ పెడతాడు, "ఆంటీ, ఈ రోజు 520" అని. మగపిల్లాడు, పొడుగు, అంకె పెద్దదే వస్తుంది. మీ అంకెని వాడి అంకెతో పోల్చుకోకూడదు, మీ గరిష్ఠం మీదే.

ఆ మూల బల్ల మీద నా మీటరు, ఒక డబ్బా అట్ట గొట్టాలు పెట్టాను. ఒక్కొక్కరికీ కొత్త గొట్టం, వాడాక పక్కన బకెట్‌లో పడేయండి. ఉబ్బసం లేనివాళ్ళు కూడా రండి, ఎంతొస్తుందో చూద్దాం. నిలబడి, ఊపిరి నిండా పీల్చి, పెదాలు బిగించి, ఒక్కసారిగా ఊదాలి, బర్త్‌డే కొవ్వొత్తి కాదు, గట్టిగా. మూడుసార్లు. రండమ్మా, ముందు మీరు రండి. పాప కోసం మీకే తెలియాలి ఇది ఎలా ఊదాలో.